స్పీకర్ పీకితే ఆంప్ ఎందుకు చచ్చిపోతోంది?

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం, అక్కయ్యపాలెం. మా తాతగారు పోర్టులో పనిచేసే రోజుల్లో ఓడ దిగిన ఒక నావికుడి దగ్గర అమెరికన్ గిటార్ ఆంప్లిఫయర్ కొన్నారట. హవాయిన్ గిటార్ వాయించేవారు. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. లోపల రెండు 6ఎస్‌జే7, ఒక 6ఎస్ఎల్7, రెండు 6వీ6, ఒక 5వై3 వాల్వులు ఉన్నాయి. సర్క్యూట్ నేనే చూసి కాగితం మీద గీశాను, కొలతలూ మిగతా వివరాలూ అందులోనే రాసి జత చేశాను, కానీ పుస్తకాల్లో ఉన్నట్టు ఏదీ లేదు. స్పీకర్‌కి నాలుగు తీగలున్నాయి, ఆ ప్లగ్ తీస్తే ఆంప్ మొత్తం చచ్చిపోతోంది. మెకానిక్ "కాయిల్ వెయ్యి ఓమ్‌లు చూపిస్తోంది, స్పీకర్ పోయింది, కొత్తది వేద్దాం" అంటున్నాడు. మొదటి వాల్వులకి కాథోడ్ రెసిస్టెన్సే లేదు, గ్రిడ్‌కి మాత్రం 10 మెగ్ (కోటి ఓమ్‌లు) ఉంది. 6ఎస్ఎల్7 రెండో గ్రిడ్ వెళ్లి అవుట్‌పుట్ వాల్వుల మధ్యలో కలుస్తోంది. ఒక వాల్యూమ్ తిప్పితే రెండో చానల్ స్వరం మారిపోతోంది. నా గిటార్ పెట్టి గట్టిగా మీటితే గొంతు నొక్కినట్టు ఆగిపోయి మళ్లీ వస్తోంది. ఎవరో మధ్యలో పాడు చేశారా? మొత్తం పీకేసి మామూలు సర్క్యూట్‌గా మార్చేయమంటారా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్ పారేయొద్దని చెప్పు. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నీ స్పీకర్ పోలేదు. వెయ్యి ఓమ్‌లు చూపించడమే అది బాగుందనడానికి సాక్ష్యం. మీ మెకానిక్ మీటర్ పెట్టింది వాయిస్ కాయిల్ మీద కాదు, ఫీల్డ్ కాయిల్ మీద. నాలుగు తీగల్లో రెండు వాయిస్ కాయిల్‌వి, వాటి మధ్య నాలుగో ఆరో ఓమ్‌లు చూపించాలి. మిగిలిన రెండూ ఫీల్డ్‌వి. ఆయన్ని తప్పు పట్టను, ఇప్పుడు రిపేరు చేస్తున్న వాళ్లలో ఫీల్డ్ కాయిల్ స్పీకర్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? నేను పని నేర్చుకున్న వన్‌టౌన్ కొట్లోనే అటక మీద రెండు ఉండేవి, వాటిని తలుపుకి అడ్డం పెట్టుకునేవాళ్లం, అంత బరువు.

సంగతేమిటంటే, స్పీకర్ పని చేయాలంటే బలమైన అయస్కాంతం కావాలి. ఇప్పుడైతే స్పీకర్ వెనక నల్లగా గుండ్రంగా ఫెరైట్ ముక్క ఉంటుంది కదా. 1930ల్లో, 40ల్లో చాలా వరకు అంత బలమైన శాశ్వత అయస్కాంతం చవగ్గా దొరికేది కాదు, అందుకని ఇనుప దిమ్మ చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి, అందులోకి డీసీ కరెంటు పంపి విద్యుదయస్కాంతం తయారు చేసేవాళ్లు. మరి ఆ డీసీ ఎక్కడి నుంచి తేవాలి? ఆంప్‌లోనే హెచ్‌టీ, అంటే వాల్వుల్ని నడిపే ఎక్కువ వోల్టేజీ డీసీ, ఉంది. ఇక్కడే ఆ కాలపు డిజైనర్ల తెలివి చూడు. ఏసీని డీసీగా మార్చే 5వై3 వాల్వు నుంచి వచ్చే హెచ్‌టీ గతుకుల రోడ్డులా ఉంటుంది, దాన్ని నున్నగా చేయడానికి ఎలాగూ ఒక చోక్ పెట్టాలి. చోక్ అంటే ఏమిటి? ఇనుప దిమ్మ మీద వేల చుట్లు. ఫీల్డ్ కాయిల్ అంటే ఏమిటి? అదీ ఇనుప దిమ్మ మీద వేల చుట్లే. ఇంకేం, రెండూ ఒకటే చేసేశారు. హెచ్‌టీ కరెంటు మొత్తం స్పీకర్‌లోకి వెళ్లి, దాన్ని అయస్కాంతం చేసి, తాను నున్నబడి వెనక్కి వచ్చి వాల్వులకి అందుతుంది. అందుకే స్పీకర్ ప్లగ్ తీస్తే హెచ్‌టీ దారి తెగిపోతుంది, ఆంప్ చచ్చిపోతుంది. అది లోపం కాదు, ఆ సెట్టు అలాగే చేయాలి.

దానికి మూడో పని కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది ఇదే. నీ కాగితంలో రెండు 6వీ6ల, అంటే స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వుల, కాథోడ్‌లు (ఎలక్ట్రాన్లు వదిలే కాళ్లు) కలిసి ఒకే 250 ఓమ్‌ల రెసిస్టెన్స్ మీద ఉన్నాయని రాశావు, దాని మీద 19 వోల్టులు వచ్చాయన్నావు. 19ని 250తో భాగిస్తే 76 మిల్లీ ఆంపియర్లు. ముందు వాల్వులు తీసుకునేది ఇంకో మూడు నాలుగు వేసుకో, మొత్తం 80 అనుకుందాం. ఆ 80 మిల్లీ ఆంపియర్లు వెయ్యి ఓమ్‌ల ఫీల్డ్ కాయిల్‌లోంచి వెళ్తే 80 వోల్టులు అక్కడ దిగిపోతాయి. అంటే డిజైనర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడే ఈ 80 వోల్టులు స్పీకర్ తినేస్తుందని లెక్క వేసి, అంత ఎక్కువ పెట్టించాడు. పైగా 6.4 వాట్ల వేడి, అందుకే అరగంట వాయించాక స్పీకర్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, భయపడకు. వేడెక్కాక రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది, చల్లగా 1010 చూపించింది వాయించాక 1150 దాటినా తప్పు లేదు.

ఇప్పుడు మెకానిక్ చెప్పినట్టు కొత్త స్పీకర్ వేశారనుకో. కొత్తదానికి ఫీల్డ్ ఉండదు, మరి ఆ మిగిలిన రెండు తీగల్ని ఏం చేస్తారు? "రెండూ కలిపి అతికించేస్తే సరి" అంటారు. నేనూ అదే చేశాను. పని నేర్చుకున్న రెండో ఏడాది, మా గురువుగారు పండక్కి ఊరెళ్లిన రోజున, ఒక పాత పెద్ద రేడియోకి. పాట వచ్చింది, నాకు గర్వం కూడా వచ్చింది. పదిహేను నిమిషాల తర్వాత ముందు హమ్ (గుయ్యిమనే మోత) పెరిగింది, తర్వాత అవుట్‌పుట్ వాల్వు లోపల ప్లేటు ఎర్రగా మెరిసింది, తర్వాత ఫిల్టర్ కండెన్సర్ దీపావళి టపాకాయలా పేలి కొట్టంతా కుళ్లిన చేపల వాసన. 80 వోల్టులు ఎక్కువైపోయాయి కదా, పైగా చోక్ కూడా లేదు. గురువుగారు తిరిగొచ్చాక తిట్టలేదు, ఆ నెల జీతంలో వాల్వు డబ్బులు మాత్రం పట్టుకున్నారు.

కాబట్టి ఎప్పుడైనా నిజంగానే ఫీల్డ్ కాయిల్ తెగిపోయి (మన ఊరి ఉప్పు గాలికి సన్నటి రాగి తీగ ఆకుపచ్చగా మారి తెగడం మామూలే) కొత్త స్పీకర్ పెట్టాల్సి వస్తే, ఆ రెండు తీగల మధ్య ఒక చోక్, దానితో సిరీస్‌లో ఒక లావాటి వైర్‌వౌండ్ రెసిస్టెన్స్ పెట్టాలి. చోక్ 200 ఓమ్‌లు అయితే రెసిస్టెన్స్ 800, కనీసం 10 వాట్లది, 20 అయితే ఇంకా నయం. పాత స్పీకర్‌ని మాత్రం అట్టపెట్టెలో పెట్టి ఇంట్లోనే దాచు, రీవైండింగ్ చేసేవాళ్లు దొరక్కపోరు.

స్పీకర్ దగ్గర ఇంకో చిన్న సంగతి. వాయిస్ కాయిల్ తీగకి సిరీస్‌లో కాస్త మందపాటి తీగతో కొద్ది చుట్లు కనిపిస్తున్నాయని, అవి "అనవసరం" అని మెకానిక్ అన్నాడని రాశావు. అనవసరం కాదు. అది హమ్ బకింగ్ కాయిల్. ఫీల్డ్‌లోంచి వెళ్లే కరెంటులో మిగిలిపోయిన అల వాయిస్ కాయిల్‌ని కదిలించి హమ్ తెస్తుంది, ఈ చిన్న కాయిల్ సరిగ్గా దానికి ఎదురు అల ఇచ్చి రద్దు చేస్తుంది. దాని తీగలు తిరగేస్తే హమ్ తగ్గకపోగా పెరుగుతుంది. ముట్టుకోకు.

ఇక నువ్వు రాసినవాటిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టిన మాట ఒకటుంది, "ప్లగ్ తీసి చూశాను, చచ్చిపోయింది" అని. ఆన్‌లో ఉండగా తీశావు కదా? ఇంకెప్పుడూ ఆ పని చేయకు. స్పీకర్ తీసిన క్షణంలో 5వై3 మీద లోడు పోతుంది, మొదటి ఫిల్టర్ కండెన్సర్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ శిఖరం దాకా ఎక్కుతుంది. వైండింగ్ 325 వోల్టులది అయితే అది దాదాపు 460. ఆ కండెన్సర్ మీద 450 అని రాసి ఉందేమో చూడు. అంతకన్నా ఘోరం, ఆ ఛార్జి దిగిపోవడానికి ఇక దారే లేదు, ఎందుకంటే దారి మొత్తం స్పీకర్‌లోంచే. స్విచ్ ఆపి, మెయిన్స్ ప్లగ్ పీకి, పది నిమిషాలు టీ తాగి వచ్చి చెయ్యి పెట్టినా అక్కడ 400 వోల్టులు నీ కోసం ఎదురు చూస్తూ ఉండొచ్చు. మామూలు ఆంప్‌లో వాల్వులే ఆ ఛార్జిని కొంత తాగేస్తాయి, ఇందులో తాగలేవు. అందుకని ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టె) తెరిచిన ప్రతిసారీ 10 కిలో ఓమ్ 10 వాట్ల రెసిస్టెన్స్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టుకుని, ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని, మొదటి కండెన్సర్‌కీ ఛాసిస్‌కీ మధ్య కొన్ని సెకన్లు పట్టు, తర్వాత మీటర్‌తో సున్నా అయిందని చూసుకో. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరుల్ని చూశాను, వాళ్లలా చేయొద్దు.

సరే, మొదటి వాల్వుల సంగతికి వద్దాం.

పుస్తకాల్లో కాథోడ్‌కి కిలో ఓమో కిలోన్నర ఓమో రెసిస్టెన్స్, దానికి అడ్డంగా ఒక ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఉంటాయి. కాథోడ్ వోల్టేజీ కాస్త పైకి లేస్తుంది కాబట్టి సిగ్నల్ అందుకునే గ్రిడ్ దానితో పోలిస్తే మైనస్‌లో ఉంటుంది, అదే బయాస్. నీ ఆంప్‌లో 6ఎస్‌జే7 ఐదో పిన్ను, అంటే కాథోడ్, సూటిగా ఛాసిస్‌కి వెళ్లింది. మరి బయాస్ ఎలా వస్తుంది? కాథోడ్ వేడెక్కి ఎలక్ట్రాన్లు మబ్బులా లేస్తాయి, ఎక్కువ భాగం ప్లేటుకి పోతాయి కానీ దారిలో కొన్ని గ్రిడ్ తీగల మీద వాలుతాయి. వాలినవి నేలకి దిగాలంటే ఆ 10 మెగ్ లోంచే దిగాలి. ఎంత చిన్న కరెంటయినా అంత పెద్ద రెసిస్టెన్స్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. మైక్రో ఆంపియర్‌లో పదో వంతు చాలు, 10 మెగ్ మీద ఒక వోల్టు వచ్చేస్తుంది, అదీ మైనస్ వోల్టు. వాల్వు తన బయాస్ తనే తయారు చేసుకుంది. దీన్ని గ్రిడ్ లీక్ బయాస్ అంటారు. ఒక రెసిస్టెన్స్, ఒక ఎలక్ట్రోలిటిక్ మిగిలాయి. ఇప్పుడు అది రెండు మూడు రూపాయల వస్తువు అనిపిస్తుంది కానీ ఆ రోజుల్లో ఎలక్ట్రోలిటిక్ అంటే ఖరీదూ ఎక్కువ, చోటూ ఎక్కువ, ముందుగా చచ్చేదీ అదే.

నువ్వు గ్రిడ్ మీద కొలిస్తే మైనస్ 0.4 వోల్టులే వచ్చాయని, "ఇంత తక్కువా" అని రాశావు. నీ డిజిటల్ మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ కూడా మామూలుగా 10 మెగ్గే. 10 మెగ్‌కి అడ్డంగా ఇంకో 10 మెగ్ పెడితే 5 మెగ్ అయిపోయింది, నువ్వు కొలుస్తున్నంత సేపూ బయాస్ పడిపోయింది. మీటర్ తీసేశాక అసలు వోల్టేజీ 0.4 కన్నా ఎక్కువే, రెట్టింపుకి కొంచెం తక్కువ ఉంటుందనుకో. పాత సూది మీటర్ పెట్టి ఉంటే దాదాపు సున్నా చూపించి ఇంకా కంగారు పెట్టేది. ఇలాంటి చోట గ్రిడ్ కొలవకు, ప్లేటు వోల్టేజీ కొలిచి వాల్వు పని చేస్తోందో లేదో తేల్చుకో.

మరి నీ గిటార్ గొంతు నొక్కినట్టు ఆగిపోవడం? అది కూడా దీని పుణ్యమే. ఆ ఆంప్ చేసిన రోజుల్లో దాంట్లోకి వచ్చేవి హవాయిన్ గిటార్ పికప్పు, మైకు, మహా అయితే అకార్డియన్‌కి తగిలించిన మైకు. వాటి సిగ్నల్ సన్నం. నీ గిటార్‌కున్న హంబకర్ పికప్పు నుంచి గట్టిగా మీటితే అర వోల్టు, ఒక్కోసారి ఒక వోల్టు దాకా వస్తుంది. గ్రిడ్ పాజిటివ్‌లోకి వెళ్లి ఎలక్ట్రాన్లని గుప్పెళ్లతో లాగేస్తుంది, ఇన్‌పుట్ కండెన్సర్ ఛార్జి అయిపోతుంది, గ్రిడ్ బాగా మైనస్‌లోకి దిగి వాల్వు మూసుకుపోతుంది, ఆ ఛార్జి 10 మెగ్ లోంచి మెల్లగా కారేదాకా శబ్దం రాదు. ఎలక్ట్రానిక్స్‌లో దీన్ని బ్లాకింగ్ అంటారు. అమెరికాలో గిటార్ ఆంప్‌లు చేసే ఫెండర్ కంపెనీ వాళ్లు కూడా తొలి ఆంప్‌లలో ఈ గ్రిడ్ లీక్ పద్ధతే వాడారు, 1950ల నడుమ కాథోడ్ రెసిస్టెన్స్‌కి మారారు. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ స్వయంగా రేడియో రిపేరు కొట్టు నడిపిన మనిషి, ఆయనకి ఏ భాగం ఎందుకు మిగుల్చుకోవాలో, ఏది మళ్లీ ఎందుకు ఖర్చు పెట్టాలో బాగా తెలుసు.

నువ్వేం చేయాలి? నా మాట వింటే రెండు చానళ్లలో ఒకదాన్ని ముట్టుకోకు. రెండోదానికి మాత్రం, అదీ మైకు అని రాసి ఉన్న దానికి, కావాలంటే కాథోడ్ రెసిస్టెన్స్, కండెన్సర్ పెట్టి 10 మెగ్ బదులు 1 మెగ్ వేసుకో. పాత భాగాలు ఒక కవరులో వేసి క్యాబినెట్ లోపలే అతికించు, రేపెవరికైనా తిరిగి పెట్టాలనిపించొచ్చు. లేదా ఏమీ చేయకుండా గిటార్ వాల్యూమ్ సగం తగ్గించి వాయించు. నేనైతే ఏమీ మార్చకుండా ఇలాగే వాయిస్తాను, గ్రిడ్ లీక్ చానల్‌లో సన్నగా వాయిస్తే వచ్చే గరగర లేని గుండ్రటి గొంతు ఇంకెక్కడా రాదు.

మూడోది, నాకు ఈ మొత్తంలో ఎక్కువ ముచ్చటగా అనిపించేది, 6ఎస్ఎల్7 దగ్గరి వైరింగు.

రెండు 6వీ6లు పుష్ పుల్‌లో పని చేయాలి. పెద్ద రంపంతో దుంగ కోసేవాళ్లని చూశావు కదా, ఒకరు లాగితే ఇంకొకరు వదలాలి, ఇద్దరూ ఒకేసారి లాగితే రంపం కదలదు. అలాగే ఒక వాల్వుకి వెళ్లే సిగ్నల్‌కి రెండోదానికి వెళ్లేది తలకిందులుగా ఉండాలి. 6ఎస్ఎల్7లో రెండు ట్రయోడ్‌లు, అంటే ఒకే బుడ్డిలో రెండు చిన్న వాల్వులు, ఉన్నాయి. మొదటిది సిగ్నల్‌ని పెంచి మొదటి 6వీ6కి ఇస్తుంది. రెండోది దాన్ని తిరగేసి రెండో 6వీ6కి ఇవ్వాలి. చిక్కేమిటంటే ట్రయోడ్ తిరగేయడమే కాదు, ఒక నలభై యాభై రెట్లు పెంచుతుంది కూడా. కాబట్టి దానికి మొదటిదాని అవుట్‌పుట్‌లో నలభయ్యో వంతో యాభయ్యో వంతో మాత్రమే తగలనివ్వాలి. సాదా పద్ధతిలో ఆ చిన్న వంతుని రెండు రెసిస్టెన్సులతో కొలిచి ఇస్తారు, కానీ వాల్వు ముసలిదై బలం తగ్గితే ఆ కొలత తప్పిపోతుంది.

నీ ఆంప్‌లో డిజైనర్ కొలవడం మానేశాడు. రెండు 6వీ6ల గ్రిడ్ రెసిస్టెన్సులు రెండూ ఒక చోట కలుస్తాయి, ఆ కలిసిన చోటు నుంచి ఇంకో రెసిస్టెన్స్ ఛాసిస్‌కి వెళ్తుంది, ఆ కలిసిన చోటే రెండో ట్రయోడ్ గ్రిడ్‌కి ఇన్‌పుట్. నీకు పొరపాటు వైరింగులా కనిపించింది ఇదే. పూర్ణా మార్కెట్‌లో చేపలు తూచే తక్కెడ గుర్తు తెచ్చుకో. ఒక పళ్లెంలో మొదటి ట్రయోడ్ సిగ్నల్, రెండో పళ్లెంలో రెండోదాని తలకిందుల సిగ్నల్. రెండూ సమానమైతే కలిసిన చోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ముల్లు నడుమ నిలుస్తుంది. రెండో పక్క తక్కువైతే ముల్లు మొదటి పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరిగినంతే రెండో ట్రయోడ్‌కి సిగ్నల్‌గా వెళ్లి, దాన్ని ఇంకాస్త గట్టిగా పని చేయిస్తుంది. తూకం తనంతట తానే సరి చూసుకుంటుంది. దీని పేరు ఫ్లోటింగ్ పారాఫేజ్. ముల్లు పూర్తిగా నడుమకి ఎప్పుడూ రాదు, కొంచెం ఒరిగి ఉంటేనే కదా రెండో ట్రయోడ్‌కి తిండి, కాబట్టి రెండో పక్క ఎప్పుడూ వెంట్రుకవాసి తక్కువే ఉంటుంది. ఆ అసమానం వల్ల కొద్దిగా సెకండ్ హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ స్వరం) మిగులుతుంది, పాత ఆంప్‌ల స్వరం "వెచ్చగా" ఉంటుందని జనం అనేదాంట్లో దీని వాటా కూడా ఉంది.

దీని వల్ల రిపేరులో రెండు సంగతులు మారతాయి. ఒకటి, ఇక్కడ జత కలవాల్సింది ట్రయోడ్‌లు కాదు, ఆ రెండు గ్రిడ్ రెసిస్టెన్సులు. 6ఎస్ఎల్7 కాస్త ముసలిదైనా తక్కెడ సర్దుకుంటుంది, కానీ పళ్లేలే ఒకటి బరువు ఒకటి తేలిక అయితే సర్దుకోలేదు. పాత కార్బన్ రెసిస్టెన్సులు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి, 250 కిలో అని ఉన్నది 340 చూపిస్తే ఆశ్చర్యపోకు. రెండోది, 6ఎస్ఎల్7 ప్లేట్ల నుంచి 6వీ6 గ్రిడ్‌లకి వెళ్లే మైనపు కాగితం కండెన్సర్లు. ఇవి సముద్రం పక్క ఊళ్లో డెబ్బై ఎనభై ఏళ్లు గడిపాయి, లీక్ అవుతూ ఉంటాయి, ఒకటి లీక్ అయినా ప్లేటు వోల్టేజీ కాస్త ఆ కలిసిన చోటికి దిగి మిగతావాటిని కూడా చెడగొడుతుంది. 6వీ6 ఐదో పిన్ను మీద మీటర్ పెట్టు, సున్నా రావాలి. రెండు మూడు వోల్టులు ప్లస్‌లో వస్తే ఆ కండెన్సర్ మార్చే వరకు ఆంప్ ఆన్ చేయకు. హుద్‌హుద్ తర్వాత, 2014 అక్టోబరులో, నా బల్ల మీదకి వచ్చిన పాత సెట్లలో తడిసినవాటి కన్నా తడవకుండానే తేమకి ఈ కండెన్సర్లు చెడినవే ఎక్కువ.

వాల్యూమ్‌ల గొడవ చిన్నది. మామూలుగా సిగ్నల్ వాల్యూమ్ పాట్ (తిప్పే రెసిస్టెన్స్) చివరి కాలు నుంచి లోపలికి వెళ్లి మధ్య కాలు నుంచి బయటికి వస్తుంది. నీ దాంట్లో తిరగేసి, మధ్య కాలు నుంచి లోపలికి వెళ్లి చివర నుంచి వస్తోంది. రెండు చానళ్లు ఒకే గ్రిడ్‌కి కలిసేచోట మామూలు పద్ధతిలో పెడితే ఒక వాల్యూమ్ సున్నా చేయగానే రెండోదీ మూగబోతుంది. తిరగేస్తే ఆ బాధ లేదు, కలిపే రెసిస్టెన్సులు కూడా మిగులుతాయి. కాకపోతే రెండూ ఒకదానికొకటి లోడు అవుతాయి కాబట్టి వాడని చానల్ వాల్యూమ్ తిప్పితే వాడే చానల్ స్వరం మారుతుంది. 1950ల ఫెండర్ ట్వీడ్ డీలక్స్ ఆంప్‌తో వాయించేవాళ్లు దీన్ని ఇంకో టోన్ కంట్రోల్‌లా వాడుకుంటారు, నువ్వూ వాడుకో.

మరి "ఎవరో మధ్యలో పాడు చేశారా" అన్నావు. చేశారు, కానీ నువ్వు అనుమానించిన చోట్ల కాదు.

వింత వైరింగు కనబడితే నేను ముందు చూసేది సర్క్యూట్ కాదు, సోల్డరింగు. ఫ్యాక్టరీలో తీగని ట్యాగ్‌కి చుట్టి, ఆ తర్వాత లెడ్ పోసేవాళ్లు. రిపేరు చేసినవాడు చాలాసార్లు చుట్టడు, పైన అతికిస్తాడు. పాత తీగకి గుడ్డ ఇన్సులేషన్ ఉంటుంది, కొత్తదానికి ప్లాస్టిక్. ఐదో పిన్ను నుంచి ఛాసిస్‌కి వెళ్లిన తీగ గుడ్డదే అని నువ్వే రాశావు, పిన్ను మీద వేరే తీగ ఊడదీసిన గుర్తూ లేదన్నావు, కాబట్టి అక్కడ రెసిస్టెన్స్ ఎప్పుడూ లేదు. ఇంకో ఆధారం విలువలు. ఆ కాలం అమెరికన్ సెట్లలో 250 కిలో, 500 కిలో, 0.05 మైక్రోఫారడ్ లాంటి గుండ్రటి అంకెలుండేవి. 220, 470, 0.047 అనేవి తర్వాత వచ్చిన వరస. నీ బొమ్మలో అన్నీ పాత అంకెలే, ఒక్క రెండో 6వీ6 గ్రిడ్ రెసిస్టెన్స్ మాత్రం 220 కిలో, దాని పక్కన లెడ్ మెరుస్తోందని కూడా రాశావు. అది రిపేరువాడి చెయ్యి. కొందరు డిజైనర్లు ఆ రెండోదాన్ని కావాలనే కొంచెం పెద్దది పెట్టి తక్కెడని సరిచేసేవాళ్లు, ఇక్కడ చిన్నది పెట్టారు కాబట్టి అది తెలివి కాదు, ఆ రోజు డబ్బాలో దొరికింది అదే. 220, 250 మధ్య తేడాకి ఆంప్ ఏమీ చావదు, మార్చేటప్పుడు మాత్రం రెండూ కలిపి, మీటర్‌తో చూసి, జతవి వెయ్యి.

స్పీకర్ మీద ముద్ర 220741 అన్నావు. మొదటి మూడు అంకెలు తయారీదారు, 220 అంటే జెన్‌సెన్. తర్వాతది సంవత్సరం చివరి అంకె, మిగతా రెండూ వారం. అంటే ఏడుతో ముగిసే ఏడాదిలో 41వ వారం. 57లో గిటార్ ఆంప్‌లకి ఫీల్డ్ కాయిల్ పెట్టేవాళ్లు లేరు, 47 అనుకోవడమే సబబు. స్పీకర్ తేదీ అది, ఆంప్ దానికి కొన్ని నెలలు అటూ ఇటూ.

ఇప్పుడు కరెంటు సంగతి, ఇందులో నాతో వాదించకు. మెయిన్స్ తీగ దగ్గర నుంచి ఛాసిస్‌కి ఒక 0.05 కండెన్సర్ ఉందని గీశావు. దాన్ని కత్తిరించి పారెయ్యి, అది ఒక్కటే ఈ ఆంప్‌లో పాతదైనా గౌరవించకూడని భాగం. మన 230 వోల్టుల్ని ఈ అమెరికన్ ఆంప్‌కి సరిపడా తగ్గించడానికి నువ్వు డాబాగార్డెన్స్‌లో కొన్న స్టెప్‌డౌన్, ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉండొచ్చు, చవకవి చాలా వరకు అంతే, అందులో వైండింగులు వేరుగా ఉండవు. రెండు పిన్నుల ప్లగ్ తిరగబడితే ఛాసిస్‌కీ 230 వోల్టులకీ మధ్య ఉన్నది ఆ కాగితం కండెన్సర్ ఒక్కటే. బాగున్నప్పుడే మూడున్నర మిల్లీ ఆంపియర్లు వదులుతుంది, గిటార్ తీగ మీద చెయ్యి, ఎర్త్ ఉన్న మైకుకి పెదవి తగిలితే పళ్లు జిల్లుమంటాయి. అది షార్ట్ అయిన రోజున జిల్లుమనడంతో ఆగదు. మూడు పిన్నుల తీగ వేసి, ఛాసిస్‌ని ఎర్త్ చేసి, వైండింగులు వేరుగా ఉన్న స్టెప్‌డౌన్ తీసుకో. 117 కాదు, 110 వోల్టులది చూడు, ఎందుకంటే 60 సైకిళ్ల కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిళ్ల మీద ఎలాగూ ఎక్కువ వేడెక్కుతుంది. గంట తర్వాత దాని మీద చెయ్యి నిలవకపోతే ఆపెయ్యి.

కాబట్టి వరస ఇది. ఆ కండెన్సర్ కత్తిరించు, ఎర్త్ వెయ్యి. ఎలక్ట్రోలిటిక్‌లు, 6వీ6 గ్రిడ్‌ల కండెన్సర్లు మార్చు. స్పీకర్ ప్లగ్ గట్టిగా పెట్టి, దానికి ఒక చిన్న క్లాంపు బిగించు, ఎవరూ పొరపాటున లాగకుండా. తర్వాత స్టెప్‌డౌన్‌కి ముందు 100 వాట్ల సిరీస్ బల్బు పెట్టి ఆన్ చెయ్యి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలిగి అలాగే ఉంటే వెంటనే ఆపు. బల్బు తీసేశాక ఆ 250 ఓమ్ మీద, ఫీల్డ్ కాయిల్ రెండు తీగల మధ్య ఎన్నెన్ని వోల్టులు వచ్చాయో కొలిచి, ఆ రెండంకెలూ నాకు రాసి పంపు. అప్పటిదాకా ఏదీ మామూలుగా మార్చకు.